జబ్బు మన అధీనంలో లేనప్పుడు, సాయం చేయడం స్టోయిక్‌ల దృష్టిలో కర్తవ్యమేనా?

ప్రశ్న: మూసీతీర పాఠకుడు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. కొంతకాలంగా స్టోయిక్‌లనే ప్రాచీన గ్రీకు, రోమన్ తత్వవేత్తలలో ఎపిక్టెటస్ ఉపన్యాసాలను, రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ తన కోసం తాను రాసిపెట్టుకున్న ఆలోచనలను చదువుతున్నాను. కోపం తగ్గించుకోవడానికి, అనవసరమైన ఆందోళనను వదులుకోవడానికి అవి బాగా ఉపయోగపడుతున్నాయి. అయితే ఈ మధ్య ఒక మిత్రుడితో జరిగిన వాదన తరువాత, ఈ తత్వం మనిషిని సాటి మనిషికి దగ్గర చేస్తుందా, దూరం చేస్తుందా అన్న సందేహం పట్టుకుంది. లోతుగా చదివినవారు ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్యకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలని డాక్టర్లు చెప్పారు. ఫ్లాట్లవాళ్లం తలా కొంత వేసుకుని కొన్ని నెలలైనా ఆ కుటుంబానికి ఆసరాగా నిలబడదామని అనుకున్నాం. నాకు స్టోయిక్ పుస్తకాలు ఇచ్చి చదివించిన మిత్రుడు మా పై అంతస్తులోనే ఉంటారు. ఆయన ఒక్కరే తాను ఇవ్వనన్నారు. డబ్బు లేక కాదు, పిసినారితనం వల్లనూ కాదు; స్నేహితుల కోసం ధారాళంగా ఖర్చుపెట్టే మనిషి. తన నిర్ణయానికి ఆయన తాత్విక కారణాలే చూపించారు.

ఇంకొకరి శరీరానికి వచ్చిన రోగం తన అధీనంలో లేని విషయం కనుక దాని గురించి తాను చేయగలిగింది ఏమీ లేదన్నది ఆయన మొదటి మాట. స్టోయిక్‌ల లెక్క ప్రకారం రోగం, పేదరికం, చివరికి మరణం కూడా చెడ్డవి కావు, మన గుణంలోని లోపమొక్కటే చెడ్డది. అలాంటప్పుడు చెడు కాని దాన్ని తొలగించడానికి పరుగెత్తడం ఎందుకన్నది రెండవ మాట. ఇక మూడవది, జాలిని స్టోయిక్‌లు ఒక మనోవికారంగా, దుఃఖంలో ఒక రకంగా లెక్కగట్టారు కనుక, జాలిపడి చందా వేసేవాళ్లు తమ మనసు బరువు దించుకుంటున్నారే తప్ప ధర్మం ఏమీ చేయడం లేదని.

నేను నా వంతు ఇచ్చేశాను. కానీ ఆయన వాదనకు జవాబు చెప్పలేకపోయాను. ఆయన చదివింది సరైనదేనా? సరైనదైతే, మార్కస్ ప్రతి రెండు పుటలకూ మనుషులు ఒకరికొకరు పుట్టారని ఎందుకు రాసుకున్నట్టు?

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

మీ మిత్రులు కల్పించి చెప్పిన మాట ఒక్కటీ లేదు. మూడింటికీ స్టోయిక్ గ్రంథాల్లో ఆధారం ఉంది. చిక్కల్లా ప్రతి వాదాన్నీ తనకు అనుకూలమైన చోట ఆపేయడంలో ఉంది. రెండవ దానితో మొదలుపెడతాను, ఎందుకంటే అసలు బలం దానిదే.

స్టోయిక్‌ల ప్రకారం సద్గుణం ఒక్కటే మంచి, దుర్గుణం ఒక్కటే చెడు. ఆరోగ్యం, ధనం, కీర్తి, రోగం, దారిద్ర్యం వగైరా అన్నీ మంచీ కానివి, చెడూ కానివి. అయితే ఆ మధ్యరకంలో కూడా ఎంచుకోదగినవీ తప్పించదగినవీ ఉన్నాయని ఈ తత్వానికి మూలపురుషుడైన జీనో కాలం నుంచే చెప్పారు. రోగం కంటే ఆరోగ్యం ఎంచుకోదగినది. అవకాశం ఉన్నప్పుడు దాన్ని ఎంచుకోవడం మన స్వభావానికి తగిన పని. ఇంతకంటే సూటిగా ఎపిక్టెటస్ రెండవ పుస్తకంలోని ఐదవ ఉపన్యాసంలో చెబుతాడు: మన చేతికి వచ్చే సామగ్రి ఎలాంటిదైనా తేడా లేదు, కానీ దాన్ని మనం వాడే తీరులో మాత్రం తేడా లేకుండా పోదు. న్యాయం, ఔదార్యం అనే గుణాలు గాలిలో వెలువడవు. వాటికి పట్టు కావాలి. ఆకలి, రోగం, అప్పు, ధాన్యం, డబ్బు, ఇవే ఆ పట్టు.

పైగా మీ మిత్రుల వాదన రెండు వైపులా కోస్తుందని ఆయన గమనించినట్టు లేదు. వాచ్‌మన్ భార్య రోగం చెడు కాదన్న సూత్రమే ఆయన బ్యాంకు ఖాతాలోని రెండు వేల రూపాయలు మంచి కావని కూడా చెబుతోంది. ఎదుటివారి బాధ దగ్గర సూత్రాన్ని వాడి, తన డబ్బు దగ్గర దాన్ని పక్కన పెట్టేవాణ్ణి స్టోయిక్ అనలేం. రోమ్‌లో ఎపిక్టెటస్‌కు గురువైన మ్యుసోనియస్ రూఫస్ ఇళ్ల గురించి, సామాన్ల గురించి మాట్లాడుతూ, రాళ్లకూ కొయ్యకూ ధారపోసే ధనాన్ని మనుషుల మీద ఖర్చుపెట్టడం ఎంత గొప్పదని అడుగుతాడు. సంపద మంచి కాదని తెలిసినవాడికి దాన్ని వదలడం తేలికవ్వాలి కదా.

మొదటి వాదానికి పెద్దగా చెప్పవలసింది లేదు. ఎపిక్టెటస్ చేతిపుస్తకం తొలి వాక్యాలను మళ్లీ చదవమనండి. మన అధీనంలో లేనివాటి జాబితాలో శరీరం, ఆస్తి, పేరు, పదవి ఉన్నాయి. అధీనంలో ఉన్నవాటిలో మన అభిప్రాయం, పూనిక, కోరిక, విముఖత, క్లుప్తంగా చెప్పాలంటే మనం చేసే పనులన్నీ ఉన్నాయి. ఆవిడ కోలుకోవడం మొదటి జాబితాలోది, చందా వేయడం రెండవ దానిలోది. రోమన్ వక్త, రచయిత సిసెరో తన గ్రంథంలో స్టోయిక్ అయిన కేటో నోట పలికించిన విలుకాడి ఉపమానం ఇక్కడికి సరిపోతుంది: గురి చూసి బాణం వదిలేవరకు చేయవలసిందంతా విలుకాడు చేస్తాడు, తగలడం తగలకపోవడం మీద తన శాంతిని తాకట్టు పెట్టడు. బాణమే ఎక్కుపెట్టనివాణ్ణి విలుకాడని ఎవరంటారు? (దీన్ని గీతలోని కర్మఫలం మాటతో పోల్చడం అందరూ చేసేదే. రెండింటి వెనుకా ఉన్న ప్రపంచ దృష్టి వేరు కనుక ఆ జోలికి పోను.)

జాలి సంగతికి వస్తే, రోమన్ స్టోయిక్ రచయిత సెనెకా దానికి నేరుగా జవాబు రాశాడు. నీరో చక్రవర్తి అయిన తొలినాళ్లలో అతణ్ణి ఉద్దేశించి దయను గురించి రాసిన గ్రంథం రెండవ భాగంలో, స్టోయిక్‌లు కఠినులన్న లోకుల నిందను ఎత్తుకుని, జ్ఞాని జాలిపడడు గానీ జాలిపడేవాళ్లు చేసే పనులన్నీ చేస్తాడని అంటాడు. ఓడ మునిగినవాడికి చెయ్యి అందిస్తాడు, వెళ్లగొట్టబడినవాడికి నీడ ఇస్తాడు, లేనివాడికి డబ్బు ఇస్తాడు, తల్లి కన్నీళ్లు చూసి కొడుకును విడిపిస్తాడు, నేరస్థుడి శవాన్నైనా పూడ్చిపెడతాడు. అక్కడే ఇంకో మాట ఉంది: దయగలవాళ్లమని అనిపించుకోవాలనే తాపత్రయంతో చాలామంది సాయం పొందేవాణ్ణి అసహ్యించుకుంటూ, తమకు తగులుతాడేమోనని జంకుతూ డబ్బు విసురుతారట, జ్ఞాని అలా కాకుండా, అందరికీ చెందిన దానిలోంచి ఒక మనిషి ఇంకో మనిషికి ఇచ్చినట్టు ఇస్తాడట. జాలి వద్దన్నది మనసు కలత చెందితే చూపు మసకబారుతుందని. చెయ్యి ముడుచుకోమని కాదు.

ఇక మార్కస్ గురించి అడిగారు. పాదాలు, చేతులు, కనురెప్పలు, పై వరుస కింది వరుస పళ్లు ఎలా కలిసి పనిచేస్తాయో మనమూ అలా పనిచేయడానికే పుట్టామని రాసుకున్న ఆ చక్రవర్తి, తొమ్మిదవ పుస్తకంలో ఒకే వాక్యంలో ఇంకా కటువైన మాట అన్నాడు: ఏదో చేసినవాడే కాదు, చేయవలసింది చేయనివాడు కూడా తరచుగా అన్యాయం చేసినవాడే. స్టోయిక్ పనేషియస్‌ను అనుసరించి క్రీ.పూ. 44లో తన కొడుకు కోసం కర్తవ్యాల మీద పుస్తకం రాసిన సిసెరో కూడా అన్యాయాన్ని రెండుగా విడదీశాడు: తానే హాని చేయడం ఒకటి, ఆపగలిగి ఉండి కూడా ఎదుటివాడికి జరిగే హానిని ఆపకపోవడం రెండవది. మీ మిత్రులు మొదటి రకం చేయలేదు. రెండవ దాని గురించి ఆయన్నే అడగండి.

జవాబు: వార్డు నర్సు, విశాఖపట్నం

అధ్యాపకులు సిద్ధాంతం చెప్పారు. నేను డయాలసిస్ విభాగంలో పనిచేస్తాను కనుక మూడవ అంశం గురించి, అంటే జాలికీ సాయానికీ మధ్య ఉన్న తేడా గురించి నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను.

ఒకసారి యంత్రం మీద పడుకోబెడితే దాదాపు నాలుగు గంటలు పడుతుంది. మూడో గంట దాటాక కొందరికి రక్తపోటు పడిపోతుంది, పిక్కలు పట్టేసి కాలు కొయ్యబారుతుంది, మనిషి అరుస్తుంది. ఆ సమయంలో పక్కన ఉండే బంధువుల్లో రెండు రకాలవాళ్లను చూస్తాం. కొందరు రోగి కంటే గట్టిగా ఏడుస్తారు, లేదంటే చూడలేక బయటకు వెళ్లి మెట్ల మీద కూర్చుంటారు. ప్రేమ లేక కాదు. ఇంకొందరు కాలు ఎత్తి పట్టుకుని పాదాన్ని వెనక్కి వంచి నొక్కుతూ, మమ్మల్ని పిలుస్తూ, మాటలు చెబుతూ ఉంటారు. వాళ్ల ముఖంలో పెద్దగా బాధ కనబడదు. పైనుంచి చూసేవాళ్లు ఈ రెండో రకంవాళ్లను రాతిగుండె మనుషులని అనుకున్నా ఆశ్చర్యం లేదు.

ఎపిక్టెటస్ మొదటి పుస్తకంలోని పదకొండవ ఉపన్యాసం చదివినప్పుడు నాకు మా మెట్లే గుర్తుకొచ్చాయి. ఒక అధికారి ఆయన దగ్గరకు వస్తాడు. సంసారం ఎలా సాగుతోందని ఎపిక్టెటస్ అడిగితే, మొన్న తన కూతురికి ప్రాణం మీదికి వచ్చిందని, ఆ బాధ చూడలేక ఇంట్లోంచి పారిపోయానని, పిల్ల కోలుకుందని కబురు వచ్చేదాకా తిరిగి వెళ్లలేకపోయానని చెబుతాడు. ప్రేమ ఉన్న తండ్రులు చేసేది ఇదేనని, అది సహజమేనని తనను సమర్థించుకుంటాడు. ఎపిక్టెటస్ కోపగించుకోడు, ఓదార్చడు. ఒక్కొక్క ప్రశ్నే వేస్తాడు. ఆ పిల్ల మీద తల్లికి ప్రేమ లేదా? ఉంది. అయితే తల్లి కూడా వదిలేసి పోవలసిందేనా? కాదు. దాదికి ప్రేమ ఉందా? ఉంది. ఆమె కూడా పోవలసిందేనా? పిల్లవెంట ఉండే సేవకుడు? ప్రేమ ఉన్నవాళ్లంతా ప్రేమ వల్లనే వెళ్లిపోతే, చివరికి ఆ పిల్ల ఏ సంబంధమూ లేనివాళ్ల చేతుల్లో పోవడం న్యాయమేనా? నీకు జబ్బు చేసినప్పుడు నీవాళ్లు నిన్ను ఇలాగే ప్రేమించాలని, అంటే ఒంటరిగా వదిలేసి పోవాలని కోరుకుంటావా?

ఇక్కడ చూడవలసింది ఏమిటంటే, ఆ తండ్రిది మీ మిత్రులు చెప్పిన జాలే. పట్టరానంత జాలి. అదే అతణ్ణి ఇంట్లోంచి తరిమింది. స్టోయిక్‌లు దాన్ని వికారం అన్నది అందుకేనని నాకు అర్థమైంది: మంచం పక్కన ఉండనివ్వదు కనుక. చేతిపుస్తకంలో పదహారవ భాగంలో, ఏడుస్తున్నవాడితో మాట కలపడానికి వెనుకాడకు, అవసరమైతే వాడితో కలిసి మూలుగు కూడా, లోపల మాత్రం మూలగకుండా చూసుకో అని ఉంది. మొదట చదివినప్పుడు ఇది నటన నేర్పుతోందేమిటని అనుమానం వస్తుంది. రోజుకు రెండు షిఫ్టుల రోగులను చూసేవాళ్లకు అది నటనలా అనిపించదు. లోపల కూడా మూలుగుతూ ఉంటే నాలుగో రోగి దగ్గరికి వెళ్లేసరికి చేతులు వణుకుతాయి.

ఈ ఉపదేశం సాయం చేసేవాడు నిలదొక్కుకోవడానికి ఇచ్చింది. చేయకుండా తప్పించుకునేవాడు దాన్ని కప్పుకుంటే అది ఎపిక్టెటస్ తప్పు కాదు.

జవాబు: సందేహి

ఇద్దరి మాటలూ బాగున్నాయి కానీ స్టోయిక్‌లను మరీ అంత తేలికగా వదిలేయలేను.

సెనెకా ఓడ మునిగినవాడికి చెయ్యి అందించే జ్ఞాని గురించి రాశాడు. అదే సెనెకా చక్రవర్తి స్నేహంతో నాలుగేళ్లలో ముప్ఫై కోట్ల సెస్టర్షియస్‌లు (రోమన్ నాణేలు) ఎలా కూడబెట్టాడని అతడి శత్రువు నిలదీశాడని టాసిటస్ రాశాడు. బ్రిటన్‌వాసులకు బలవంతంగా అంటగట్టిన నాలుగు కోట్ల అప్పును ఒక్కసారిగా తిరిగి వసూలు చేశాడని కాసియస్ డియో రాశాడు. ఇద్దరు చరిత్రకారులకూ తమ తమ పక్షపాతాలు ఉన్నాయనుకున్నా, మనిషి అపర కుబేరుడన్నది నిర్వివాదం. బానిసలు కూడా మనుషులే, వాళ్లతో కలిసి భోజనం చేయండని నలభై ఏడవ ఉత్తరంలో చెప్పాడు. వాళ్లను వదిలిపెట్టండని మాత్రం చెప్పలేదు. ఎపిక్టెటస్ స్వయంగా బానిసగా బతికినవాడు. ఆయన కూడా ఆ వ్యవస్థ పోవాలని అనలేదు, లోపలి స్వేచ్ఛ గురించే మాట్లాడాడు. సంకెళ్లు మంచీ చెడూ కానివి అయినప్పుడు వాటిని విరగ్గొట్టాలన్న తొందర ఎక్కడి నుంచి వస్తుంది? కనుక మీ మిత్రుల రెండవ వాదన పూర్తిగా వక్రీకరణ అనలేం. ఆ తత్వం చరిత్రలో అలాంటి నిశ్చలతకే చాలాసార్లు దారితీసింది.

స్టోయిక్‌లలో వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు కూడా. సిసెరో కర్తవ్యాల పుస్తకంలోనే రోడ్స్ ద్వీపపు కథ ఉంది. అక్కడ కరువు, ధాన్యం ధర ఆకాశాన్ని అంటింది. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ఓడనిండా ధాన్యంతో వచ్చాడు. వెనుకే మరిన్ని ధాన్యపు ఓడలు రోడ్స్ వైపు వస్తుండగా దారిలో కళ్లారా చూశాడు. ఆ సంగతి జనానికి చెప్పాలా, లేక నోరు మూసుకుని ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చా? బాబిలోన్ డయోజెనీస్ స్టోయిక్ పీఠాధిపతి. అమ్మేవాడు సరుకులో లోపాలను చట్టం చెప్పినంతవరకు చెబితే చాలు, మోసం చేయకుండా ఉంటే మిగతాది తన లాభం తాను చూసుకోవచ్చన్నాడు. దాచడం వేరు, చెప్పకపోవడం వేరని గీత గీశాడు. పై అంతస్తు మిత్రులకు ఇంతకంటే గొప్ప సాక్షి దొరకడు.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. సాయం ఫలించినా ఫలించకపోయినా ఇచ్చేవాడి గుణం చెక్కుచెదరదని, అదే అసలు మంచి అని అంటున్నారు. అంటే ఆ రోగిష్టి మనిషి ఇచ్చేవాడి గుణసాధనకు ఒక కసరత్తు పరికరమా?

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

సెనెకా సంపద గురించి వాదించను. అతడే ఎక్కడో తాను జ్ఞానిని కానని, రోగులున్న గదిలో పడుకున్న మరో రోగిలా మాట్లాడుతున్నానని రాసుకున్నాడు. అది వినయమో ముందస్తు జామీనో చదివేవాళ్ల ఇష్టం. బానిసత్వం విషయంలో మీరన్నది నిజం. ఒక్క మాట మాత్రం చేర్చాలి: వ్యవస్థను ప్రశ్నించకపోవడం ఆనాటి చాలా తత్వశాఖలకు ఉన్న మచ్చే. మనుషులందరిలో ఒకే వివేకం ఉందని, అందరూ ఒకే నగరపు పౌరులని చెప్పి, ఆ వ్యవస్థను సమర్థించడానికి తమకు తాము సాకు మిగుల్చుకోకపోయినా, ముందడుగు వేయకపోవడం వీళ్ల మీద ఇంకొంచెం ఎక్కువ బరువుగా పడుతుంది.

రోడ్స్ కథలో సగమే చెప్పారు. డయోజెనీస్‌కు ఎదురు నిలిచింది ఆయన శిష్యుడే, టార్సస్ యాంటిపేటర్. ఆయన అడిగింది ఇది: మనుషులందరి మేలు చూడవలసినవాడివి, సంఘానికి సేవ చేయవలసినవాడివి, నీ ప్రయోజనమే అందరి ప్రయోజనం, అందరి ప్రయోజనమే నీ ప్రయోజనం అన్న నియమం మీద పుట్టినవాడివి, అలాంటి నీవు ఆకలితో ఉన్నవాళ్లకు ధాన్యం దగ్గరలోనే ఉందన్న కబురును దాస్తావా? డయోజెనీస్ తరువాత పీఠం ఎక్కింది యాంటిపేటరే. సిసెరో కూడా వర్తకుడు చెప్పి తీరాలన్నాడు. ఒక ముఖ్యమైన సంగతి గమనించండి: గురువైన డయోజెనీస్ కూడా, ఓడలు రావడం తన అధీనంలో లేదనో, ఆకలి చెడు కాదనో వాదించలేదు. అమ్మకంలో బాధ్యత ఎంతవరకు అన్నదే ఆయన ప్రశ్న. మీ మిత్రుల వాదన ఆయన కూడా వాడలేదు.

కసరత్తు పరికరం అన్న ప్రశ్న గట్టిది. మార్కస్ కూడా దాన్ని తనకు తాను వేసుకున్నాడనే అనుకుంటున్నాను. ఏడవ పుస్తకం పదమూడవ ఖండికలో, నేను ఈ మానవ సమూహంలో కేవలం ఒక ముక్కను అనుకునేవాడికీ, ఒక అవయవాన్ని అనుకునేవాడికీ తేడా చెబుతాడు. ముక్క అనుకునేవాడు ఇంకా మనుషులను హృదయపూర్వకంగా ప్రేమించడం లేదు. మేలు చేయడంలో వాడికి ఇంకా సంతోషం దొరకలేదు. మర్యాద కోసం చేస్తున్నాడు, తనకు తాను చేసుకుంటున్నట్టు చేయడం లేదు. అంటే గుణసాధన కోసం లెక్కపెట్టుకుని సాయం చేసేవాడిది ఆయన దృష్టిలో అరకొర దశ. ఐదవ పుస్తకంలో మేలు చేసేవాళ్లను మూడు రకాలుగా విడదీసినదీ ఇందుకే: చేసిన వెంటనే ఖాతాలో రాసుకునేవాడు ఒకడు; బయటకు అనకపోయినా ఎదుటివాడు తనకు బాకీ ఉన్నాడని లోపల అనుకునేవాడు ఇంకొకడు; తాను ఏం చేశాడో తనకే గుర్తులేనివాడు, కాపు కాసి మళ్లీ రుతువు కోసం ఎదురుచూసే ద్రాక్షతీగ లాంటివాడు, మూడవవాడు. తన గుణం ఎంత పెరిగిందని కొలుచుకునేవాడు మొదటి రకంలోనే పడతాడు.

అడిగినవారు: మూసీతీర పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. విలుకాడి మాట, రెండు వేల రూపాయల మాట మిత్రులకు వినిపించాను. రెండవ దానికి నవ్వి, ఆలోచిస్తానన్నారు. తరువాత ఆయన వేసిన ప్రశ్న నాదీ కూడా: దీనికి హద్దు ఎక్కడ? వాచ్‌మన్ తరువాత పనిమనిషి కొడుకు ఫీజు, ఆ తరువాత ఊళ్లో దాయాదుల పెళ్లి, ఆ పైన వాట్సాప్‌లో రోజూ వచ్చే పసిపిల్లల ఆపరేషన్ విజ్ఞప్తులు. మనుషులందరూ ఒకే శరీరపు అవయవాలైతే ఎవరికి లేదనాలి? ఇంకో సంగతి కూడా చెప్పాలి. భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లే రోజుల్లో వాచ్‌మన్ పగలంతా ఉండలేకపోతున్నందుకు అసోసియేషన్ జీతంలో కోత పెడుతోంది. చందా అందుకు కూడా సరిపోవాలి. ఎవరెవరు ఎంత వేశారో గ్రూపులో జాబితా పెట్టాం, ఇంకా వేయనివారి పేర్ల పక్కన ఖాళీ ఉంది.

జవాబు: కృష్ణాతీరం, విజయవాడ

హద్దు గురించి స్టోయిక్‌లలో అందరికంటే వివరంగా రాసింది హైరోక్లీస్. క్రీ.శ. రెండవ శతాబ్దం మనిషి. అతడి రచనలో ఈ భాగం తరువాతి కాలపు సంకలనకర్త స్టోబియస్ ఎత్తి రాసుకున్నందువల్ల మిగిలింది. మన చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా వలయాలు ఉన్నాయంటాడు. నడిమధ్య మన మనసు, దాని చుట్టూ మన శరీరం. తరువాతి వలయంలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్య, పిల్లలు. ఆ పైన మేనమామలు, మేనత్తలు, తాతలు. తరువాత మిగతా బంధువులు. ఆ తరువాత ఇరుగుపొరుగు, మన తెగ, మన ఊరు, పొరుగూళ్లు, దేశం. అన్నిటికీ వెలుపల మానవజాతి అంతా. మన పని ఆ వలయాలను చెరిపేయడం కాదు, ఒక్కొక్కదాన్ని లోపలికి లాక్కుంటూ ఉండడం. రక్తసంబంధం దూరమయ్యేకొద్దీ ఆప్యాయత కొంత తగ్గుతుందని అతడికి తెలుసు. ఆ తగ్గుదలను మన ప్రయత్నంతో పూడ్చాలన్నదే అతడి సలహా. అందుకు ఒక ఉపాయం కూడా చెప్పాడు: పినతండ్రి, పెదతండ్రి పిల్లలను అన్నా తమ్ముడూ అని, మేనమామలనూ మేనత్తలనూ నాన్నా అమ్మా అని పిలవమన్నాడు. తెలుగువాళ్లకు ఆ ఉపాయంలో సగం పుట్టుకతోనే వచ్చింది. ఆటోడ్రైవర్‌ను అన్నా అంటాం, కూరలమ్మే ఆవిడను పిన్నీ అంటాం. పిలుపు ఒక్కటే వలయాన్ని లోపలికి లాగదని కూడా మనకే బాగా తెలుసు.

హద్దుకు రెండవ ఆధారం ఎపిక్టెటస్ చెప్పే పాత్రలు. రెండవ పుస్తకం పదవ ఉపన్యాసంలో ఆయన మన కర్తవ్యాలను మన పేర్ల నుంచే లాగుతాడు: ముందు మనిషివి, ఆ పైన ఈ ప్రపంచపు పౌరుడివి, కొడుకువి, అన్నదమ్ముడివి, సభలో కూర్చునేవాడివైతే సభ్యుడివి. వాట్సాప్‌లో వచ్చే పసిపిల్లవాడి విజ్ఞప్తి ముందు మీరు మనిషి మాత్రమే. చేతనైనది చేయవచ్చు, చేయలేకపోతే కుంగిపోనక్కర్లేదు. వాచ్‌మన్ ముందు మాత్రం మీకు ఇంకొక పేరు కూడా ఉంది, ఇప్పటిదాకా ఈ చర్చలో ఎవరూ దాని ఊసెత్తలేదు. మీరందరూ ఆయనకు జీతం ఇచ్చే యజమానులు. దానం మాట తరువాత. భార్యను బతికించుకోవడానికి వెళ్లిన గంటలకు ఒక చేత్తో జీతం కోసి, ఇంకో చేత్తో చందా ఇస్తున్నారు. న్యాయం కానిది ఏదీ ఔదార్యం కాదని సిసెరో చెప్పింది ఇలాంటి లెక్కలను చూసే. కోత ఆపడానికి అసోసియేషన్ సమావేశంలో ఒక తీర్మానం చాలు. ఆ పూటలకు గేటు దగ్గర ఎవరుంటారన్నది ఫ్లాట్లవాళ్లు వంతులు వేసుకోవచ్చు, లేదా బదిలీ మనిషిని పెట్టుకోవచ్చు.

ఇంకొకటి కనుక్కోండి. ఆ కుటుంబానికి రేషన్ కార్డు ఉంటే డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద వస్తుంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. కార్డు, ఆధార్, డాక్టర్ కాగితాలు పట్టుకుని ఎవరైనా ఒకరు వాచ్‌మన్‌తో కలిసి వెళ్లాలి. చాలామంది చికిత్సకే సొంతంగా డబ్బు కట్టుకుంటూ ఉంటారు, అడిగే దారి తెలియక. నా స్నేహితులకు సాయం లేకుండా పోతుందని వాపోయేవాణ్ణి ఎపిక్టెటస్ చేతిపుస్తకం ఇరవై నాలుగవ భాగంలో, సాయం లేకపోవడం అంటే నీ ఉద్దేశం ఏమిటని ఎదురు ప్రశ్న వేసి, నీకు డబ్బు కావాలా, నమ్మకమైన స్నేహితుడు కావాలా అని అడిగాడు. ఒక ఉదయం మీరు కౌంటర్ దగ్గర ఆయన పక్కన నిలబడితే, చందా మొత్తం కంటే ఎక్కువ పని జరగవచ్చు. మిగిలిన డబ్బు దారిఖర్చులకు, మందులకు ఉంటుంది.

ఇచ్చే తీరు గురించి సెనెకా ఏడు పుస్తకాలు రాశాడు. అందులో ఆర్సెసిలాస్ అనే తత్వవేత్త కథ చెబుతాడు: జబ్బుతో ఉన్న స్నేహితుడు తన లేమిని బయటపెట్టడం లేదని గ్రహించి, డబ్బుసంచి అతడి తలగడ కింద పెట్టి వచ్చేశాడు, స్నేహితుడు తీసుకున్నట్టు కాకుండా తనకే దొరికినట్టు ఉండాలని. ఇచ్చినవాడు వెంటనే మరిచిపోవాలి, పుచ్చుకున్నవాడు ఎన్నటికీ మరవకూడదని ఆ కథ పక్కనే రాశాడు. మీ గ్రూపులో వాచ్‌మన్ కూడా ఉన్నారా? ఉంటే ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో ఆయన రోజూ చూస్తున్నారన్నమాట. ఆ జాబితా తీసేయండి. మీ మిత్రులు ఇస్తారో ఇవ్వరో ఆయన అధీనంలోని విషయం. ఖాళీ గడి చూపించి ఆయన చేత ఇప్పించిన డబ్బు వల్ల మందులు వస్తాయి గానీ, మీరు ఇన్నాళ్లుగా చేస్తున్న వాదనకు జవాబు రాదు. ఆరోగ్యశ్రీ కౌంటర్‌కు తోడు వెళ్లడానికి ఆయన్నే అడిగి చూడండి.